మడుగు సంఘానికి వచ్చిన ఆపద

కొర్లకోన అడవిలో జింకలు, కుందేళ్లు, ఉడుతలు, నెమళ్లు, ముళ్లపందులు ఉండేవి. ఎండాకాలంలో వాటన్నిటికీ ఒకటే మడుగు. అందుకే అవి ఒక సంఘం పెట్టుకున్నాయి. అవన్నీ వంతులవారీగా మడుగులో పూడిక తీసేవి. అన్నీ అందులోనే నీళ్లు తాగేవి.

సింగారం అనే నెమలి ఆ సంఘానికి అధ్యక్షుడు. ఈదమ్మ అనే ముళ్లపంది కార్యదర్శి. "నా హయాంలో ఒక్క లోటు కూడా రాలేదు" అని సింగారం ప్రతి సమావేశంలోనూ చెప్పుకునేది.

ఒక ఉదయం పూడిక తీయడానికి వచ్చిన ఈదమ్మ ఒడ్డునే ఆగిపోయింది. నీళ్ల పక్కన ఒక జింక పడి ఉంది. కాళ్లు కొయ్యల్లా బిగుసుకుపోయాయి. నోటి చుట్టూ నురగ. పిలిస్తే పలకలేదు. గాలికి విషపు చెట్టు కొమ్మ ఒకటి విరిగి మడుగులో పడి ఉంది. దాని కాయలు పగిలి నీళ్ల మీద తేలుతున్నాయి.

నిన్న తనతో కలిసి పూడిక ఎత్తిన జింక అది. పరుగున వెళ్లి సింగారానికి చెప్పింది.

"ఇంకెవరైనా చూశారా?" సింగారం మొదట అడిగిన మాట అదే.

ఈదమ్మ నివ్వెరపోయింది. "లేదు. కానీ సభ్యులు నీళ్లకు వచ్చే వేళయింది. ఇప్పుడే అందరికీ చెప్పాలి."

"తొందరపడకు. మడుగు చెడిందని తెలిస్తే సంఘం వదిలి పోతారు. కాయలు రేపు తీయించేద్దాం. జింకకు ఎండదెబ్బ తగిలిందని చెబుదాం."

"ఈలోగా తాగినవాళ్ల సంగతేమిటి, అధ్యక్షా?"

సింగారం మడుగు పక్కనున్న బండ మీదికి ఎగిరి, అడవంతా వినిపించేలా అరిచి చెప్పింది. "జింకకు ఎండదెబ్బ తగిలింది. నీళ్లకేమీ కాలేదు. అందరూ తాగండి."

ఈదమ్మ మడుగుకు అడ్డంగా నిలబడింది. "తాగకండి. నీళ్లలో విషం ఉంది" అంది. వచ్చిన జంతువులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

కానీ ఈదమ్మది చిన్న గొంతు. అవతలి ఒడ్డుకు అది చేరలేదు. అక్కడ సింగారం భార్య నాలుగు పిల్లలతో నీళ్లకు వచ్చింది. దానికి వినబడింది భర్త మాట ఒక్కటే. పిల్లల కంటే ముందు తాను వంగి తాగింది.

సింగారం అది చూసింది. ముక్కు తెరిచింది. అప్పటికే భార్య నీళ్లు మింగేసింది.

ఈదమ్మ మడుగు చుట్టూ పరుగెత్తింది. ముళ్లు నిక్కబొడిచి పిల్లలకూ నీళ్లకూ మధ్య నిలిచింది. పిల్లలు బెదిరి వెనక్కి వెళ్లాయి. కాసేపటికే తల్లి రెక్కలు బిగుసుకున్నాయి. అది పక్కకు ఒరిగిపోయింది. మళ్లీ లేవలేదు.

ఈదమ్మ మిగతా జంతువుల వైపు తిరిగి అంది. "రెండు ప్రాణాలు పోయాయి. నీళ్లలో ఎంత విషం కలిసిందో నాకు తెలియదు. ఎప్పటికి బాగవుతుందో కూడా తెలియదు. అంతవరకు ఎవరూ ఇందులో తాగొద్దు. ఎగువన వాగు ఇసుకలో చెలమ తవ్వుదాం."

ఎవరూ సంఘం వదిలి పోలేదు. కుందేళ్లు తవ్వాయి. జింకలు కాళ్లతో ఇసుకను పక్కకు నెట్టాయి. ఉడుతలు అడవంతా తిరిగి, రానివాళ్లకు కబురు చెప్పాయి. మధ్యాహ్నానికి చెలమలో నీళ్లు ఊరాయి. అందరికీ గుక్కెడు గుక్కెడు అందాయి.

సింగారం తలవంచుకుని సభ్యుల ముందుకు వచ్చింది. "విషమని నాకు ముందే తెలుసు. తెలిసే అబద్ధం చెప్పాను" అంది.

ఆ రోజే జంతువులన్నీ ఈదమ్మను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నాయి. ఈదమ్మ తల్లిలేని పిల్లలను చెలమ దగ్గరికి తీసుకువెళ్లి, ముందుగా వాటికి నీళ్లు తాగించింది.

నీతి: ఆపదను దాచిపెట్టే నాయకుడు తనవాళ్లనే పోగొట్టుకుంటాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పేవారి వెంట సంఘమంతా నిలబడుతుంది.