ప్రోలమ్మ రాసిన గోడ

అనగనగా, దేశం నుంచి దేశానికి కబురు ఓడ మీద తప్ప రాని రోజుల్లో, సముద్రపు ఒడ్డున గవ్వలరేవు అనే పట్నం ఉండేది. ఆ పట్నంలో ప్రోలమ్మ అనే ఇల్లాలు ఉండేది.

ఆమె తండ్రి రేవులో లేఖకుడు. కొడుకులు లేకపోవడంతో కూతురికే అక్షరాలు నేర్పాడు. ఆమె భర్త బాచన తెరచాపలు కుట్టేవాడు. ఎండలో, ఉప్పుగాలిలో ఏళ్ల తరబడి సూది పట్టి అతని చూపు మందగించింది. చివరికి ఒకనాడు చేతిలో ఉన్న సూదే కనిపించలేదు. ఆ రోజు నుంచి ఇల్లు నడిపే భారం ప్రోలమ్మ మీద పడింది. ఆమెకు తెలిసిన విద్య రాత ఒక్కటే.

రేవు ద్వారం పక్కన పాత సుంకపు కొట్టం ఒకటి ఉండేది. ప్రోలమ్మ రేవును ఏలే నాయకుడి అనుమతి అడిగి దాని గోడకు సున్నం కొట్టింది. రోజూ పొద్దున్నే బొగ్గుముక్కతో ఆ గోడ మీద రాసేది. కింద ఒక మట్టికుండ పెట్టేది. చదివినవాళ్లు మెచ్చి గుప్పెడు గింజలు వేస్తారని ఆమె ఆశ.

మొదట్లో ఆమె సూర్యోదయాన్ని వర్ణించింది. సముద్రాన్ని వర్ణించింది. తనకు తెలిసిన పెద్ద పెద్ద మాటలన్నీ గోడకు ఎక్కించింది. జనం నడుస్తూనే ఒక చూపు చూసి వెళ్లిపోయేవారు. నెల తిరిగేసరికి కుండలో గింజల కంటే ఇసుకే ఎక్కువ పడింది.

ఆ గోడ నీడలో శంకమ్మ అనే ముసలామె ఉప్పు అమ్ముకునేది. ఆమెకు చదువు రాదు. దారిన పోయేవాళ్ల చేత గోడ మీది రాత చదివించుకుని వినేది. నా రాతలో తప్పేముంది అక్కా అని ప్రోలమ్మ ఒకనాడు ఆమెను అడిగింది.

"తప్పేమీ లేదు తల్లీ. కానీ సూర్యుడు ఎట్లా పొడిచాడో నేనూ చూశాను కదా. ఏ బావి నీళ్లు ఉప్పెక్కాయి, గాలి ఎటు తిరిగింది, పశువుకు జ్వరమొస్తే ఏం చెయ్యాలి, అది రాయి. నాకు పనికొచ్చేదయితే నిలబడి వింటాను" అన్నది శంకమ్మ.

ప్రోలమ్మ ఆ మాట మనసులో పెట్టుకున్నది. మర్నాడు గోడ పైభాగాన జేగురు ఎర్రమట్టితో పెద్ద అక్షరాలు రాసింది: పడమటి బావి నీళ్లు తాగవద్దు. ఎందుకు తాగకూడదో కింద నాలుగు చిన్న మాటల్లో చెప్పింది. ఆ రోజు పదిమంది ఆగారు. సాయంత్రానికి ఊరంతా ఆ మాటే చెప్పుకున్నది.

అప్పటి నుంచి ఆమె రాత మారింది. అసలు సంగతి మొదటి వరుసలోనే చెప్పేది. నిన్న ఎవరైనా అడిగిన దానికి ఇవాళ జవాబు రాసేది. వాన పడ్డా, ఒంట్లో బాగాలేకపోయినా, పొద్దెక్కకముందే గోడ నిండేది. రాయబోయేదాన్ని ముందుగా బాచనకు వినిపించేది. అతను అర్థం కాలేదంటే తిరిగి రాసేది. మూడు నెలలకు గోడ ముందు సంత కూడినట్టు జనం కూడారు. కుండ నిండింది.

జనం కూడిన చోట వర్తకుడి చూపు పడుతుంది. గుండయసెట్టి ఆ రేవులో పెద్ద వర్తకుడు. ఆయన ప్రోలమ్మ ఇంటికి వచ్చి, తన గానుగ నూనె గురించి గోడ మీద రాయమని అడిగాడు. ఆ నూనె ఆమె రెండు నెలలుగా వాడుతున్నది. మంచిదని తెలుసు. తెలిసినదే రాసింది. సెట్టి నూనె అంతా అమ్ముడుపోయింది. ఆమె ఇంటికి బియ్యం బస్తా వచ్చింది. అందులో ఎవరికీ నష్టం లేదు.

కొన్నాళ్లకు సెట్టి మళ్లీ వచ్చాడు. ఈసారి ఏదో దీవి నుంచి ఓడలో దిగిన అంజనం తెచ్చాడు. కళ్ల మంటలు తగ్గిస్తుందని రాయమన్నాడు. నేను దీన్ని వాడి చూడలేదే అన్నది ప్రోలమ్మ. చూస్తూ కూర్చుంటే వేరేవాళ్లు అమ్ముకుంటారని, రేపే రాయాలని సెట్టి తొందరపెట్టాడు. రెండు బస్తాల బియ్యం ఇస్తానన్నాడు. వానలు దగ్గరపడ్డాయి కాబట్టి ఇంటికి కొత్త కప్పు వేయిస్తానని కూడా అన్నాడు.

ప్రోలమ్మ కప్పు వైపు చూసింది. మర్నాడు రాసింది. బాచనకు ముందుగా వినిపించకుండా ఆమె రాసినది అదొక్కటే.

పది రోజుల తరువాత గోడ నీడలో శంకమ్మ కనిపించలేదు. మరునాడూ రాలేదు. మూడోనాడు ప్రోలమ్మ ఆమె గుడిసెకు వెళ్లింది. శంకమ్మ కళ్లకు తడిగుడ్డ కట్టుకుని చాప మీద పడుకుని ఉంది. అంజనం పెట్టుకున్న రోజు నుంచి మంట మొదలైందని, ఎడమకన్ను తేరుకుంటున్నదని, కుడికంటి చూపు పోయిందని పక్కింటివాళ్లు చెప్పారు.

అడుగుల చప్పుడుకు వచ్చింది ఎవరో శంకమ్మ గుర్తుపట్టింది. "ప్రోలమ్మా, ఒక్క మాట అడుగుతాను. ఆ మందు మీ ఆయన కళ్లకు పెట్టావా?" అన్నది.

పెట్టలేదు. సెట్టి ఇచ్చిన భరిణె గూట్లో మూత తీయకుండా ఉంది. అసలే అంతంతమాత్రపు చూపు, ఏమవుతుందోనని ఆమె భయపడింది.

"లేదక్కా" అన్నది ప్రోలమ్మ.

శంకమ్మ గోడ వైపు ఒత్తిగిల్లింది.

ఇంటికి వచ్చి ప్రోలమ్మ జరిగినదంతా భర్తకు చెప్పింది. బాచన మెల్లగా అన్నాడు: "రేపు రాసేది నాకు ముందుగా వినిపించవద్దు. నేనూ గోడ దగ్గరికి వస్తాను. అందరితో పాటే వింటాను."

మర్నాడు గోడ మీద పెద్ద అక్షరాలు ఇలా ఉన్నాయి: నేను అబద్ధం రాశాను. కింద ఆమె దేనినీ దాచలేదు. మందు వాడి చూడకుండా రాశానని, బియ్యానికి, ఇంటి కప్పుకు ఆశపడి రాశానని, దానివల్ల శంకమ్మ కన్ను పోయిందని, ఆ అంజనం ఎవరూ పెట్టుకోవద్దని రాసింది. రాసి పక్కకు తప్పుకోలేదు. చివరి మనిషి చదివి వెళ్లేదాకా అక్కడే తలవంచుకుని నిలబడింది. కొందరు తిట్టారు. కొందరు కుండను తన్ని పోయారు. బాచన కర్ర పట్టుకుని ఆమె పక్కనే ఉన్నాడు.

ప్రోలమ్మ బియ్యం సెట్టికి తిప్పి పంపింది. వానలకు ఇల్లు కురిసింది. గోడ ముందు జనం పలచబడ్డారు. అయినా ఆమె రాయడం మానలేదు. రాసిన తరువాత రోజూ శంకమ్మ ఉప్పుగంప తలకెత్తుకుని గుడిసె నుంచి రేవుకు మోసుకొచ్చేది. శంకమ్మ వద్దనలేదు. మాట్లాడనూ లేదు.

కాలం గడిచింది. ఒక్కొక్కరే మళ్లీ గోడ దగ్గర ఆగసాగారు. తన తప్పు తానే రాసుకున్న మనిషి మన దగ్గర ఏం దాస్తుంది అని వాళ్లు అనుకున్నారు.

వానలు వెలిశాక ముత్యపు చిప్పలు ఏరే కాలం వచ్చింది. సముద్రంలో దూరంగా ఉన్న దిబ్బకు కూలీలు పిల్లాపాపలతో బయలుదేరే రోజులవి. గుండయసెట్టి ఒక పాత ఓడను చవకగా కొని, నీరు చొరకుండా పూసే నల్లటి కీలు పైన కొత్తగా పూయించాడు. రెండువందల మందిని ఎక్కించుకుపోవాలని అతని ఆలోచన. ఓడ పాతదని జనం వెనకాడారు. అప్పుడు సెట్టి మూడోసారి ప్రోలమ్మ గడప తొక్కాడు. ఓడ గట్టిదని ఒక్క మాట రాస్తే పెంకుటిల్లు కట్టిస్తానన్నాడు. బతికినంతకాలం తిండిగింజలు పంపుతానన్నాడు.

"ముందు ఓడ చూస్తాను సెట్టిగారూ" అన్నది ప్రోలమ్మ.

సెట్టి మనుషులు పైభాగమంతా తిప్పి చూపించారు. ఆమె దీపం అడిగి తీసుకుని అడుగుకు దిగింది. పలకలను ఒక్కొక్కటిగా నొక్కి చూసింది. ముందువైపు ఎడమ పక్కన ఆమె బొటనవేలు నానిన అటుకుల్లోకి దిగినట్టు చెక్కలోకి దిగింది. పైన కీలు నిగనిగలాడుతున్నది. లోపలంతా పురుగు తినేసింది.

మర్నాడు గోడ మీద రాసింది: ఈ ఓడ ఎక్కవద్దు. ఎక్కడ నొక్కిందో, ఏం చూసిందో రాసింది. నమ్మనివాళ్లు వెళ్లి నొక్కి చూడమని రాసింది.

సెట్టి రేవును ఏలే రేచనాయకుడి దగ్గరికి పోయాడు. తాను అబద్ధం రాశానని ఈమె తన చేత్తోనే ఒప్పుకున్నదని, అటువంటిదాని రాత నమ్మి తన వ్యాపారం చెడగొట్టవద్దని మొరపెట్టుకున్నాడు. నాయకుడు ప్రోలమ్మను పిలిపించాడు. జనమంతా వచ్చారు. నీ మాటకు పూచీ ఎవరని నాయకుడు అడిగాడు.

జనంలో నుంచి శంకమ్మ ముందుకు వచ్చింది.

"నాయకా, ఈమె రాత నమ్మి నేను కన్ను పోగొట్టుకున్నాను. దానికి నా కడుపుమంట ఇంకా చల్లారలేదు. కానీ ఆ సంగతి నేను ఊరికి చెప్పుకోకముందే తానే చెప్పింది. నేను ఆమెకు పూచీ. నా మనవలను ఆ ఓడ ఎక్కించను" అన్నది.

నాయకుడు రెండువందల మంది బరువుకు సరిపడా ఇసుక మూటలు ఓడలో నింపించమన్నాడు. మనిషన్నవాడు లేకుండా ఆ ఓడను తాళ్లతో లోతునీళ్లకు లాగించాడు. సూర్యుడు నడినెత్తికి రాకముందే ఓడ ముందుభాగం ఎడమవైపుకు ఒరిగింది. చూస్తుండగానే మునిగిపోయింది. ఒడ్డున నిలబడిన తల్లులు పిల్లలను దగ్గరికి తీసుకున్నారు.

కూలీలకు మంచి ఓడ కట్టించి ఇవ్వాలని, శంకమ్మను బతికినంతకాలం పోషించాలని నాయకుడు సెట్టికి శిక్ష వేశాడు. రేవుకు వచ్చే ప్రతి ఓడా ప్రోలమ్మ గోడకు కుంచెడు గింజలు ఇవ్వాలని శాసించాడు. ఓడవాళ్లు సంతోషంగా ఇచ్చారు. ఆమె రాసినది తాటాకుల మీద ఎక్కించుకుని వేరే రేవులకు తీసుకుపోయారు. ఎన్నడూ చూడని ఊళ్లలో ఆమెకు చదువరులు ఏర్పడ్డారు. ఆమె ఇంట తిండికి లోటు లేకపోయింది.

శంకమ్మ కుడికన్ను మాత్రం తిరిగి రాలేదు. ప్రోలమ్మ ఆ సంగతి ఏ ఒక్కరోజూ మరచిపోలేదు.

పిల్లలూ, పదిమందిని ఆపి చదివించే నేర్పు ఎవరైనా నేర్చుకోవచ్చు. కానీ తాము ఎరిగిన నిజమే రాసి, తప్పు రాస్తే తామే ఒప్పుకునేవారి రాతనే లోకం కలకాలం నమ్ముతుంది, ఆ నమ్మకమే వారికి అన్నం పెడుతుంది.