కనురెక్కలమ్మకు నైవేద్యం లేదు

గోదావరి తీరాన నల్లమద్ది అడవి నడుమ, మద్దిగుట్టపై కనురెక్కలమ్మ వెలసి ఉంది. నాలుగు రెక్కలు, రెక్కకొక కన్ను, నోరు లేని ముఖం. ఈ అమ్మవారికి నైవేద్యం పెట్టరు.

పూర్వం ఇక్కడ బుచ్చక్క అనే ఆమె మద్దిచెట్లపై దసలి పట్టుపురుగులను పెంచేది. ఆకుపచ్చని పురుగులు ఆకులు మేసి, నాలుగుసార్లు కుబుసం విడిచి, కొమ్మలకు కాయల్లా గూళ్లు కట్టుకునేవి. కొన్నింటిని ఉడికించి పట్టుదారం తీసినా, మేలైన కాయలను ఆమె విత్తనానికి ఉంచేది. తొలకరికి వాటిలోంచి సీతాకోకల్లాంటి పట్టుచిలుకలు వచ్చి గుడ్లు పెట్టేవి.

అప్పటికి గుట్టపై అమ్మవారంటే వట్టి బండే. ఆ బండకు పట్టు చాందినీ కట్టిస్తానని సామంతుడు కాటనాయకుడు మొక్కుకున్నాడు. పట్టుదారం చాలలేదు. భటులు బుచ్చక్క గుడిసెలో జొరబడి విత్తనపు కాయలన్నీ ఊడబెరికి, గుట్టపైనే మరుగుతున్న కాగుల్లో గుమ్మరించారు. వెంట పరుగెత్తుకొచ్చిన బుచ్చక్క కోపంతో ఉడికిపోయింది.

"దొరా, గవి ఇత్తనపు కాయలు! లోపల పానమున్నది. అమ్మ పేరు జెప్పి అమ్మ పిల్లల్నే ఉడకబెడ్తరా?"

"దైవకార్యానికి అడ్డు రాకు" అని కాటనాయకుడు ఆమెను నెట్టించాడు. పడిపోతూ కూడా ఆమె, కాగులో పడకుండా అందుకున్న ఒక కాయను పిడికిట్లోంచి వదలలేదు.

ఆ సాయంత్రం తొలకరి చినుకు పడింది. కాయ మెత్తబడి, పసుపువన్నె ఆడచిలుక బయటికి వచ్చింది. బుచ్చక్క దాన్ని బండపై ఉంచింది. ఎక్కడెక్కడి అడవుల నుంచో ఇటుకరంగు మగచిలుకలు వచ్చి వాలాయి. తెల్లవారేసరికి బండంతా రెక్కలే, రెక్కల నిండా అద్దపుబిళ్లల్లాంటి కళ్లే. ఆ కళ్లన్నీ తననే చూస్తున్నట్టు కాటనాయకుడికి తోచింది. పాలు, తేనె తెప్పించి బండ ముందు పెట్టాడు. ఒక్క చిలుకా ముట్టలేదు.

బుచ్చక్క కోపం చల్లారలేదు. "పట్టుచిలుకకు తినే నోరుండదు దొరా. దానికి పాలెందుకు? నోరున్న నేను మొత్తుకుంటే నువ్విన్నవా?"

కాటనాయకుడు తలవంచాడు. తన చేతులతోనే కాగులు బోర్లించాడు. చిలుకలు ఎగిరిపోయాక బండపై అమ్మవారి రూపం తేలి ఉంది. ఆడచిలుక పెట్టిన గుడ్లతో బుచ్చక్క మళ్లీ పంట తీసింది. చాందినీ మాత్రం ఎవరూ నేయలేదు.

నేటికీ తొలకరి జాతరలో అన్యాయం జరిగినవారు అమ్మవారి ఎదుట నిలబడి గొంతెత్తి చెప్పుకుంటారు. చెప్పడం పూర్తయ్యేదాకా ఎంతటి అధికారి అయినా తలపాగా తీసి, నిలబడి వినాలి. అలా విన్నవారి పంటనూ, చెప్పుకున్నవారి గొంతునూ అమ్మ కాస్తుందని భక్తుల నమ్మకం.