మరక పడని పుస్తకాలు

ఆరు వారాలైంది. పదకొండు నోటుబుక్కుల్లో ఒక్కదాంట్లోనూ ఒక్క అక్షరం పడలేదు. ఢిల్లేశుకి తల ప్రాణం తోకకొచ్చింది.

ఢిల్లేశ్వరరావు డిగ్రీ రెండో సంవత్సరం కుర్రాడు. శ్రీకాకుళం జిల్లాలో, జీడిపిక్కల ఫ్యాక్టరీలు వరసగా ఉన్న ఒక ఊళ్లో, చిన్న మఠంలో ఉంటూ కాలేజీకి వెళ్లొచ్చేవాడు. మఠంలో గురువుగారు ఒక్కరే ఉండేవారు. డెబ్బై దగ్గరపడ్డ మనిషి, మాట తక్కువ. వంటా ఆయనే, ఊడ్పూ ఆయనే, తెల్లవారుతూనే శిష్యుడికి పాఠమూ ఆయనే. పాఠం మొదలుపెట్టిన రోజునే ఒక షరతు పెట్టారు. పొద్దున నేను నీకు చెబుతాను, సాయంత్రం నువ్వు ఇంకెవరికైనా చెప్పాలి అన్నారు.

సరేనని ఢిల్లేశు తన కాలేజీ స్నేహితుల్ని ముగ్గుర్ని కూడగట్టాడు. వాళ్లు వీధిలో బడిపిల్లల్ని పంచుకున్నారు. పెద్దవాళ్ల తరగతి ఇతని వాటాకొచ్చింది. పదకొండుమంది ఆడవాళ్లు, అందరూ ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేవాళ్లే. పని దిగి, ఇంట్లో పొయ్యి మీద ఎసరు పడేసి, మఠం పంచలోకి వచ్చి కూర్చునేవారు.

చెప్పొద్దూ, కుర్రాడు మంచివాడే. కాకపోతే తన మంచితనం తనకి బాగా కనబడేది. మొదటిరోజునే పదకొండు మంచి నోటుబుక్కులు తెచ్చి, పాత క్యాలెండరు కాగితాలతో అట్టలు వేసి, మీద ఒక్కొక్కరి పేరూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. పంచేటప్పుడు చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాడు. పుస్తకమంటే సరస్వతి, శుభ్రంగా చేతులు కడుక్కునే ముట్టుకోవాలి, ఒక్క మరక పడకూడదు, రెండు నెలలయ్యాక మా ప్రిన్సిపాలుగారొచ్చి చూస్తారు అన్నాడు. వాళ్లు పుస్తకాల్ని కళ్లకద్దుకుని, ప్లాస్టిక్ సంచుల్లో చుట్టుకుని పట్టుకెళ్లారు.

అప్పట్నించీ పుస్తకాలు ఆ సంచుల్లోనే వచ్చేవి, ఆ సంచుల్లోనే వెళ్లేవి. బోర్డు మీద రాస్తే గడగడా చదివేవారు. ఇంటి దగ్గర రాసుకు రమ్మంటే మాత్రం నవ్వేసి తలొంచుకునేవారు. ఒకావిడ పుస్తకానికి పసుపూ కుంకుమా పెట్టుకొచ్చిందిగానీ లోపల గీత గీయలేదు.

అందరిలోకీ దమయంతమ్మ సంగతే అతనికి కొరుకుడు పడలేదు. పంతొమ్మిదేళ్లుగా పిక్కలు కొడుతున్న మనిషి. పిక్కలు కాల్చే పొగకి కళ్లు మండుతున్నాయి, తొక్కలోంచి కారే జీడిరసానికి చేతివేళ్ల తోలు ఊడుతోంది. ఫ్యాక్టరీలో పప్పు రకాలు విడదీసే గదిలో ఒక చోటు ఖాళీ అయింది. అక్కడ పొగ లేదు, రసం లేదు. చేత్తో తడిమి ఏ పప్పు ఏ రకమో చెప్పడంలో ఆవిడ్ని మించినవాళ్లు లేరు కూడా. కానీ ఆ గదిలో ఉన్నవాళ్లు ప్రతి డబ్బాకీ చీటీ రాసి అంటించాలి. పప్పు రకం, తేదీ, రాసినవాళ్ల పేరు. సోమవారం పొద్దున మేనేజరు తన ముందు ఒక చీటీ రాయించి చూస్తానన్నాడు. రాయలేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. మళ్లీ ఎప్పుడు ఖాళీ అవుతుందో ఎవరికీ తెలియదు.

ఇంత పని నెత్తి మీద పెట్టుకుని ఆవిడ రోజూ అందరికంటే ముందొచ్చి కూర్చునేది. రెండు చేతులూ కొంగులో దాచుకునేది. చలికి కాబోలు అనుకున్నాడు ఢిల్లేశు. పుస్తకం తియ్యమ్మా అంటే, "మీరే సదవండి బాబూ, నాను ఇంటాను" అనేది. ఏ రోజు అడిగినా ఆ మాటే.

శనివారం సాయంత్రం అతని ఓపిక అయిపోయింది. దమయంతమ్మ సంచీ విప్పి పుస్తకం తిరగేశాడు. అన్నీ తెల్లకాగితాలే. ఇక నోటికొచ్చినట్టు మాట్లాడాడు. ఎల్లుండి పరీక్ష పెట్టుకుని ఒక్క గీత గీయని మనిషికి చదువెందుకన్నాడు. నా చదువు మానుకుని మీకోసం వస్తుంటే మీకు లేదు శ్రద్ధ అన్నాడు. దమయంతమ్మ పుస్తకం అక్కడే వదిలేసి, కొంగు బిగించి పట్టుకుని వెళ్లిపోయింది. మిగతా పదిమందీ ఆవిడ వెనకే లేచారు.

ఆదివారం పొద్దున్నే ఢిల్లేశు ఆ పుస్తకం పట్టుకుని గురువుగారి దగ్గరికి వెళ్లాడు. ఈ పని తన వల్ల కాదని చెప్పేద్దామని నిశ్చయించుకున్నాడు.

గురువుగారు పెరట్లో నూతి దగ్గర పీట వేసుకుని అన్నం వండే పెద్ద గంగాళం తోముతున్నారు. కట్టెలపొయ్యి మీద ఏళ్ల తరబడి కాగిన గంగాళం అది. అడుగునున్న మసి ఆయన మోచేతుల దాకా పట్టింది. ఢిల్లేశు నిలబడే తన బాధంతా వెళ్లబోసుకున్నాడు. ఎంత శ్రద్ధగా అట్టలు వేశాడో, ఎంత ఓర్పుగా చెప్పాడో, వాళ్లు ఎంత బద్ధకస్తులో అన్నీ చెప్పాడు. కావాలంటే చూడండి, కొన్ననాడు ఎలా ఉందో అలాగే ఉంది అంటూ పుస్తకం చూపించాడు.

గురువుగారు తోమడం ఆపి చెయ్యి చాచారు. "ఏదీ, ఇలా ఇవ్వు చూద్దాం."

ఢిల్లేశు చటుక్కున పుస్తకం వెనక్కి లాక్కున్నాడు. "చేతులు, గురువుగారూ! కడుక్కుని రండి, మరకలవుతాయి."

గురువుగారు ఏమీ అనుకోలేదు. చాచిన చెయ్యి ఒకసారి చూసుకున్నారు. నూతి గట్టు మీద చెంబుతో నీళ్లున్నాయి, కుంకుడు నురగ ఉంది. వాటి జోలికి పోలేదు. రెండు చేతులూ మెల్లగా దగ్గరికి తీసుకుని, భుజం మీదున్న తెల్లటి ఉత్తరీయంలో దాచుకున్నారు. మల్లెపువ్వులా ఉతుక్కునే ఉత్తరీయం, చూస్తూండగానే నల్లబడింది.

"అక్కర్లేదులే నాయనా," అన్నారు. "నువ్వే చదువు. నేను వింటాను."

ఢిల్లేశు ఆ గుడ్డలో దాక్కున్న చేతులవంకే చూస్తూ నిలబడ్డాడు. ఆరు వారాలపాటు తన ఎదురుగా కొంగుల్లో దాక్కున్న చేతులన్నీ ఒక్కసారిగా కనబడ్డాయి. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

గురువుగారు మళ్లీ గంగాళం తోమడంలో పడ్డారు. ఢిల్లేశు వంగి, తన కుడిచెయ్యి గంగాళం అడుగున ఆనించి గట్టిగా రుద్దాడు. పుస్తకం తెరిచి మొదటి పేజీ మీద అరచెయ్యి అద్దాడు. అయిదు వేళ్లూ పడ్డాయి. మూసేటప్పుడు అట్ట మీది ముత్యాల్లాంటి పేరుకి కూడా బొటనవేలి మరక అంటింది. తుడవలేదు. పుస్తకం పట్టుకుని పరుగులాంటి నడకతో బయల్దేరాడు.

దమయంతమ్మ ఇంటి ముందు కూర్చుని చేటలో కందులు బాగుచేస్తోంది. అతన్ని చూడగానే లేచి, అలవాటుగా చేతులు కొంగులోకి తీసుకుంది. కూర్చోమనడానికి కూడా ఆవిడకి మొహం చెల్లలేదు.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు ఢిల్లేశు. ఇంకేదో చెబుదామనుకుని వచ్చాడుగానీ అంతే చెప్పగలిగాడు. పుస్తకం తెరిచి ఆవిడ ముందు పెట్టాడు.

దమయంతమ్మ ఆ నల్లటి చెయ్యి గుర్తు చూసింది. అతని చెయ్యి చూసింది. "అదేటి బాబూ, బంగారంలాటి పుస్తకం పాడుసేసినారు," అంది. తర్వాత నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే కళ్లు తుడుచుకుని చేతులు బయటికి తీసింది. వేళ్ల చివర్లు నల్లగా, గరుకుగా, అక్కడక్కడ తోలు లేచి ఉన్నాయి.

అప్పుడు చెప్పింది అన్ని సంగతులూ. సబ్బుతో కడిగిందట, చింతపండుతో తోమిందట, కిరసనాయిలు కూడా రాసిందట. జీడిరసం మరక పోదు, పైగా చెమట పడితే ముట్టుకున్నదానికల్లా అంటుతుంది. తరగతికొచ్చే పదకొండుమంది చేతులూ అంతే. తెల్లకాగితం చూస్తే చెయ్యి ముందుకి రావట్లేదని వాళ్లలో వాళ్లు అనుకునేవారట. కడుక్కోమన్న మనిషికి కడిగినా పోవని ఎలా చెబుతారు?

"మరి ఇన్నాళ్లూ రాయనే లేదా అమ్మా?"

దమయంతమ్మ అతన్ని ఇంటి పక్కకి తీసుకెళ్లింది. నేలంతా మెత్తటి ఇసక. దాన్నిండా మేకుతో రాసిన అక్షరాలు, అంకెలు, పప్పు రకాల పేర్లు. చివర్న దమయంతి, దమయంతి, దమయంతి. వాకిలి ఊడ్చిన చోటల్లా మళ్లీ కొత్తగా రాసినట్టుంది. ఫ్యాక్టరీలో భోజనాల వేళ బూడిదలో కూడా రాస్తానంది.

ఢిల్లేశు అక్కడే ఇసకలో చతికిలబడ్డాడు. గుండెల మీంచి బండరాయి దింపినట్టయింది. ఆవిడకి చదువు వచ్చేసింది. రాయాల్సిన చోటే మారాలి, అంతే.

కానీ అదీ తేలిగ్గా కాలేదు. మేకు పట్టిన చెయ్యి కదా, మొదటి పేజీ పెన్ను పోటుకి చిరిగింది. రెండో పేజీలో అక్షరాలు గుమ్మడికాయలంత వచ్చాయి. మధ్యాహ్నం అన్నం తిని మళ్లీ కూర్చున్నారు. పొద్దువాలేసరికి నాలుగు పేజీలు నిండాయి. ప్రతి పేజీ అంచునా ఆవిడ వేళ్ల నలుపు. నాలుగో పేజీలో రాసిన చీటీ అచ్చం డబ్బాకి అంటించే చీటీలాగే ఉంది.

సోమవారం కాలేజీలో ఏ పాఠాలు చెప్పారో ఢిల్లేశుకి ఒక్క ముక్క ఎక్కలేదు. సాయంత్రం పంచలో పదిమందీ వచ్చి కూర్చున్నారు. దమయంతమ్మ రాలేదు. మేనేజరు దగ్గర ఏమైందో వాళ్లకీ తెలియలేదు. బోర్డు తుడిచిందే తుడుస్తూ నిలబడ్డాడు.

వచ్చింది. ఎప్పుడూ ముందొచ్చే మనిషి అందరికంటే వెనక, రొప్పుకుంటూ వచ్చి, జాకెట్టులోంచి మడిచిన చీటీ తీసి బల్ల మీద పెట్టింది. పప్పు రకం, తేదీ, పేరు. మూలన నల్లటి బొటనవేలి గుర్తు.

"రెండోది కూడా రాయించినారు బాబూ, అది డబ్బాకి అంటించేసినారు," అంది. "రేపట్నించి ఆ గదికే రమ్మన్నారు."

ఢిల్లేశు చీటీ ఎత్తి అందరికీ చూపించాడు. పంచలో ఒక్కసారిగా మాటలు మొదలయ్యాయి. ఒకావిడ దమయంతమ్మ బుగ్గలు పుణికింది. పసుపూ కుంకుమా పెట్టుకొచ్చినావిడ, ఢిల్లేశు బల్ల మీద తెరిచి పెట్టిన దమయంతమ్మ పుస్తకంలో చెయ్యి గుర్తు చూసి, తన పుస్తకం సంచీలోంచి తీసి అతని ముందుకి తోసింది. దీని మీద కూడా సెయ్యి అద్దీండి బాబూ అంది. వెనక తొమ్మిది పుస్తకాలు బయటికొచ్చాయి.

మసి కోసం పెరట్లోకి వెళ్లాడు ఢిల్లేశు. గురువుగారు నూతి దగ్గరే ఉన్నారు, ఈసారి పొయ్యి బూడిద ఎత్తుతున్నారు. భుజం మీద ఆదివారంనాటి ఉత్తరీయమే ఉంది, ఉతికినా నలుపు పూర్తిగా పోలేదు. ఢిల్లేశు చంకలో దమయంతమ్మ పుస్తకం ఉంది. అడగకుండానే తీసి, రెండు చేతులతో ఆయనకి అందించాడు.

గురువుగారు తన చేతులకేసి చూసుకున్నారు. శిష్యుడి మొహంకేసి చూశారు. బూడిద చేతులతోనే పుస్తకం అందుకుని, మొదటి పేజీ తిప్పి, పీట మీద కూర్చున్నారు.

"నువ్వు వెళ్లు నాయనా, వాళ్లు ఎదురుచూస్తున్నారు," అన్నారు. "ఇవాళ నేనే చదువుకుంటాలే."