ఈ వారం రానిదెవరు

ఆచార్య భుజంగరావు గారికి ఒక అలవాటుంది. ప్రశ్న అడిగినవాళ్లకు వెంటనే జవాబు చెప్పరు. వాళ్లకు ఏదో ఒక పని పురమాయిస్తారు, లేదా తామే ఏదో పని మొదలుపెడతారు. విశ్వవిద్యాలయంలో ముప్ఫై ఏళ్లుగా తర్కశాస్త్రం బోధిస్తున్నా, ఆయన తర్కంతో ఒకరి నోరు మూయించగా చూసినవాళ్లు లేరు.

ఆయన దగ్గర ఎం.ఏ. చదవడానికి హైమావతి జనవరిలో వచ్చింది. జులైలోనే చేరవలసిన పిల్ల. రెండో విడత సీట్ల మీద ఎవరో కోర్టుకెక్కడంతో ఆరు నెలలు ఇంట్లో కూర్చుంది. తీరా వచ్చేసరికి ఎవరి బల్ల వాళ్లది, ఎవరి జట్టు వాళ్లది అయిపోయింది. నోట్సు అడిగితే రేపిస్తామన్నారు. ఆ రేపు రాలేదు. మెస్సులో పళ్లెం పట్టుకుని వెళ్తే, ఇంకెవరో వస్తున్నారంటూ ఖాళీ కుర్చీకి చెయ్యి అడ్డం పెట్టారు. ముందు బల్ల ప్రభంజన్ ఆమెకు 'జనవరి' అని పేరు పెట్టాడు. అసలు పేరు తెలుసుకునే శ్రమ అందరికీ తప్పింది. ఐదు వారాలు అందరినీ నవ్వుతూ పలకరించి, ఆరో వారం పలకరించడం మానేసింది.

ఆ వారమే జ్వరం వచ్చింది. సోమవారం నుంచి గురువారం దాకా మంచం దిగలేదు. హాస్టల్లో పక్క గదిలోనే ఇద్దరు సహాధ్యాయినులున్నా తలుపు తట్టినవాళ్లు లేరు. శుక్రవారం కాళ్లీడ్చుకుంటూ తరగతికి వస్తే, కాస్త జరిగితే కిటికీ వేసుకుంటామన్నారు. అంతకు మించి ఒక్క మాట లేదు.

పాఠం కాగానే ఆమె ఆచార్యుల గదికి వెళ్లింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏడాది మధ్యలో వచ్చినవాళ్లు స్నేహితుల్ని ఎలా సంపాదించుకోవాలి మాస్టారూ? ఇంకా ఎంతమంది ముందు పళ్లికిలించాలి? నాలుగు రోజులు నేను లేను. మీరైనా అడిగారా?"

ఆయన ముఖం చిన్నబోయింది. అడగలేదని ఒప్పుకున్నారు. రేపు తరగతిలో ఏం జరిగినా నోరు విప్పవద్దని మాత్రం చెప్పి పంపేశారు.

శనివారం ఆయన పుస్తకం తెరవలేదు. ఈ వారం మనలో రానివాళ్లెవరో చెప్పమన్నారు. నిన్నటిదాకా తనకూ తెలియదని, చెప్పేదాకా పాఠం లేదని అన్నారు. ఇరవైరెండు మంది ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వెనక బల్లలో కూర్చున్న హైమావతి ఆ తడబాటును కసిగా చూస్తోంది. తెలియాలి వీళ్లకి, సిగ్గుతో తలలు దించుకోవాలి అనుకుంది.

చాలాసేపటికి ప్రభంజన్ లేచి, దానియేలు కాదా అండీ అన్నాడు.

సోమవారం నుంచి రావడం లేదని ఒకరన్నారు. కాదు, కిందటి వారం కూడా లేడన్నారు ఇంకొకరు. ఊరెళ్లాడేమోనని మరొకరు. ఆచార్యులు హాజరు పట్టీ తెరిచారు. దానియేలు పేరుకెదురుగా పదకొండు రోజుల గైర్హాజరు ఉంది, ఆయన చేతిరాతలోనే. రాశారే గాని అడగలేదు. ఆయన పట్టీ మూసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

హైమావతికి ముందు ఒళ్లు మండింది. తన పేరు రావలసిన చోట ఇంకెవరి పేరో వచ్చింది. ఆ వెంటనే ఆ మనిషి ముఖం గుర్తుచేసుకోబోయి, గుర్తురాక ఆగిపోయింది. అతను కూర్చునేది ఇదే బల్లలో, గోడ వారన. జులై నుంచీ అక్కడే కూర్చుంటున్నాడట.

ఆమె లేచి బయటికి నడిచింది. వెనకే ప్రభంజన్ వచ్చాడు. మగపిల్లల హాస్టల్ దగ్గర వాచ్‌మన్ ఆడవాళ్లు లోపలికి పోకూడదన్నాడు.

"లోపల మనిషి ఉన్నాడో పోయాడో పదకొండు రోజులుగా ఎవరికీ పట్టలేదు. నన్ను ఆపడానికి మాత్రం మనుషులున్నారా?" అందామె. అతను పక్కకు తప్పుకున్నాడు.

గది తలుపు దగ్గరగా వేసి ఉంది. గదిలో ఉండే రెండోవాడు అక్క పెళ్లికని ఊరెళ్లాడు. మంచం మీద దానియేలు, పక్కన సగం తిన్న బన్ను. కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. అడుగుల చప్పుడుకి లేవబోయి లేవలేకపోయాడు.

"హైమావతి గారా? మీరెందుకొచ్చారండీ?"

ఆ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి నోట ఆమె తన పేరు వినడం అదే మొదలు. అతని పేరు మాత్రం గంట క్రితం దాకా ఆమెకు తెలియదు. తన మీద తనకే కోపం వచ్చింది. ఆ కోపమంతా ప్రభంజన్ మీద చూపించి, గుడ్లప్పగించి నిలబడకుండా ఆటో పిలవమంది.

కామెర్లు బాగా ముదిరాయని, ఇంకో రెండు రోజులైతే తన చేతుల్లో ఉండేది కాదని డాక్టరు మండిపడ్డాడు. ఆ మాట ఆ ఇద్దరూ తలొంచుకుని విన్నారు. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో వంతులు వేసుకుని కూర్చున్నారు. హాస్టల్లో హైమావతి పక్క గది ఆడపిల్లలు కూడా జావ కాచి పట్టుకొచ్చారు. ప్రభంజన్ ఆమెను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు. ఆమె మాత్రం అతణ్ని అంత తేలిగ్గా క్షమించలేదు. దానియేలు మాట్లాడే ఓపిక వచ్చాక, జనవరిలో ఆమె చేరిన రోజు ఆచార్యులు పట్టీలో రాసుకుంటూ ఆమె పేరు పైకి చదివారని, అప్పుడు విన్నానని చెప్పాడు. ఆ రోజు తరగతిలో అందరూ ఉన్నారు.

అతను హాస్టలుకు తిరిగొచ్చిన సాయంత్రం ఆమె మళ్లీ ఆచార్యుల గదికి వెళ్లింది. కోపం ఇంకా పూర్తిగా దిగలేదు. తన ప్రశ్నకు ఆయన జవాబు చెప్పనేలేదని గుర్తుచేసింది. నడి ఏడాదిలో వచ్చిన తన సంగతి సరే, జులైలో అందరితోపాటు వచ్చినవాడికి కూడా ఇదే గతా అని నిలదీసింది.

ఆచార్యులు హాజరు పట్టీ తీసి, తాను రాసిన ఆ పదకొండు గైర్హాజరుల మీద వేలు పెట్టారు.

"జులైలో వచ్చామని అనుకుంటున్నాం గాని, మేమంతా ఇప్పుడిప్పుడే వస్తున్నామమ్మా," అన్నారు.