కొరికినా ఏడవని పండు

ఒకప్పుడు చిలక ఆకుపచ్చగా ఉండేది కాదు. బూడిదరంగు ఒళ్లు, వంకర ముక్కు, కొక్కేల్లాంటి గోళ్లు. పండు ముట్టేది కాదు, గింజ వైపు చూసేది కాదు. గద్దతో కలిసి వేటాడేది. గూళ్లలోంచి పిట్టపిల్లల్ని ఎత్తుకుపోయి తినేది. తిని తిని దాని ముక్కు నెత్తుటి రంగుకు తిరిగింది.

వేటపక్షులకు ఒక కట్టడి ఉండేది. వేటకు వెళ్లేటప్పుడు నోరు విప్పకూడదు. కూత వినపడితే పిట్టలు దాక్కుంటాయి కదా! అందుకని చిలక పొద్దుట లేచింది మొదలు మూగదానిలా తిరిగేది. దానికేమో కబుర్లంటే ప్రాణం. కానీ ఎవరితో చెబుతుంది? చిలక నీడ పడితే చాలు, చెట్టంతా ఖాళీ.

ఇంకో సంగతి ఉంది. అది చిలక ఎవరికీ చెప్పుకోలేదు. ముక్కున కరుచుకోగానే పిట్టపిల్ల కీచుమని ఏడుస్తుంది చూడండి, ఆ ఏడుపు చిలక తట్టుకోలేకపోయేది. అందుకే కొరికే ముందు ప్రతిసారీ కళ్లు గట్టిగా మూసుకునేది. కళ్లు మూసుకుంటే చెవులు మూతపడతాయా?

ఏళ్లు గడిచాయి. మూడు పూటలా మాంసమే మింగి మింగి చిలక ఒళ్లు పాడైంది. పొట్ట బండరాయిలా బరువెక్కింది. కాళ్ల కీళ్లు వాచాయి. ఈ కొమ్మ నుంచి ఆ కొమ్మకు ఎగిరేసరికి ఆయాసం. చూపు కూడా మసకేసింది.

"గద్ద బావా, రెక్క ఆడటం లేదు. ఏం చెయ్యమంటావు?" అని అడిగింది.

"నీకు తిండి చాలడం లేదు మరదలా! పూటకి ఇంకో రెండు పిల్లల్ని తిను. అదే సర్దుకుంటుంది" అన్నాడు గద్ద.

ఎంత గొప్ప వైద్యమో చూడండి! మునుగుతున్న పడవలో ఇంకో రెండు బస్తాలు వెయ్యమన్నట్టుంది. చెప్పేవాడికి బుద్ధి లేకపోతే వినేవాళ్లకైనా ఉండొద్దూ? చిలక తలూపింది.

కొండ కింద జామచెట్టు మీద గువ్వ కాపురం ఉండేది. దాని గూట్లో రెండు పిల్లలున్నాయి. ఇంకా రెక్కలు రాలేదు. మర్నాడు తెలతెలవారుతుండగా చిలక చప్పుడు చెయ్యకుండా ఆ చెట్టు మీదికి దూకింది. ఆకుల మధ్య గుండ్రంగా ఏదో ఊగుతోంది. గువ్వపిల్లే అనుకుంది. కళ్లు మూసుకుని ఒక్క కాటు వేసింది.

ఏడుపు కోసం ఒళ్లు బిగబట్టుకుని ఎదురుచూసింది.

ఏడుపు రాలేదు.

ఇంకాసేపు చూసింది. ఊహూ. ఏడుపుకు బదులు నాలిక మీదికి తియ్యటి రసం వచ్చింది. ఎక్కడలేని కమ్మటి వాసన. చిలక మెల్లగా ఒక కన్ను తెరిచింది.

పై కొమ్మ మీద గువ్వ రెండు రెక్కలూ పరిచి పిల్లల్ని కప్పుకుని నిలబడింది.  

"గుడ్డిదానా! అది జామపండే! నా పిల్లల జోలికొస్తే నీ కళ్లు పొడుస్తాను!" అని అరిచింది.

చిలక ఆ మాట పట్టించుకోనే లేదు. "గువ్వా, నేను కొరికితే ఇది ఏడవలేదేమిటి?" అంది.

"పండు ఎందుకు ఏడుస్తుంది? తిండి కోసమే పండింది కాబట్టి నవ్వుతుంది."

ఇది విన్న జామచెట్టు కొమ్మలు కదిలించింది. "తిను తల్లీ, కడుపునిండా తిను. గింజలు మాత్రం దూరంగా తీసుకెళ్లి రాల్చు. నా పిల్లలు అక్కడ మొలుస్తారు. నువ్వు తింటే నా వంశం ఆగదు, పెరుగుతుంది" అంది.

చిలక తినడం ఆపేసింది. ఇన్నేళ్లుగా తను తిన్నవాళ్లలో ఒక్కరైనా తినమన్నారా? ఎంత గుర్తు చేసుకున్నా ఒక్కరూ కనపడలేదు. దాని కళ్లమ్మట నీళ్లు జారాయి.

"ఇక వేటకు పోను గువ్వా. ఈ చెట్టు మీద ఒక మూల నన్ను ఉండనివ్వు. మీ కబుర్లు వింటూ పడి ఉంటాను."

"భలేదానివే! ఇవాళ పండు, రేపు నా పిల్లలు. చప్పుడు లేకుండా వచ్చేవాళ్లను నేను నమ్మను."

"మరి ఎలా వస్తే నమ్ముతావు?"

గువ్వ పిల్లల్ని ఇంకాస్త దగ్గరకు లాక్కుంది. "అరుచుకుంటూ రా. నువ్వు వస్తున్నావని చెరువు అవతలికి కూడా వినపడాలి. ఒక్కనాడు మూగగా వచ్చావో, ఈ చెట్టు నీది కాదు."

వేటపక్షికి ఇంతకంటే కష్టమైన షరతు ఉంటుందా? మొదటిరోజు చిలక గొంతులోంచి 'కిర్' అని తుప్పుపట్టిన గడియలాంటి చప్పుడు వచ్చింది. గూట్లోని పిల్లలు కిసకిసా నవ్వాయి. రెండోరోజు 'కీ' అంది. పదోరోజుకి ఆకాశం చిల్లుపడేలా 'కీ కీ కీ' అంటూ వచ్చింది. ఎన్నేళ్ల కబుర్లో లోపల పేరుకుపోయి ఉన్నాయి, పాపం! ఒక్కసారిగా కట్ట తెగింది.

జామపళ్లు తింది, రేగుపళ్లు తింది. జొన్నకంకి మీద వాలి గింజలు ఒలుచుకు తింది. నెల తిరిగేసరికి కీళ్ల వాపు పోయింది. పొట్ట తేలికైంది, చూపు తేటపడింది. ఒక్క ఊపులో కొండ చుట్టి వచ్చేది. పొద్దస్తమానం ఆకుల్లో తిరిగి తిరిగి బూడిద రంగు ఈకలు చిగురాకు రంగు పట్టాయి. ముక్కు ఎరుపు మాత్రం ఎన్నిసార్లు వాగులో కడిగినా పోలేదు. "పోకపోతే మానె. నేనేం చేశానో నాకు గుర్తుంటుంది" అనుకుంది.

ఒకరోజు గద్ద వచ్చి ఎదురు కొమ్మ మీద వాలాడు.

"ఏమే మరదలా, గడ్డీ గాదం తిని బతుకుతున్నావట! ఆ అరుపులేమిటి? వేటంతా చెడుతోంది. నీ ముక్కు చూసుకో. కోసుకు తినడానికి ఇచ్చిన ముక్కు అది!"

చిలక ఒక బాదంకాయ తీసుకుని టప్పున పగలగొట్టింది. పప్పు నములుతూ, "దీనికీ బాగానే పనికొస్తోంది బావా! ముక్కు నాది. దాంతో ఏం చెయ్యాలో నేను చూసుకుంటాను. నువ్వూ ఒక పండు రుచి చూడరాదూ?" అంది.

"ఛీ!" అని గద్ద రివ్వున లేచాడు. గువ్వ మేతకు వెళ్లింది, గూడు తెరిచి ఉంది. అది చూశాడు. చడీచప్పుడు లేకుండా గూటి మీదికి దిగుతున్నాడు.

చిలక అరిచింది. అది మామూలు అరుపు కాదు. కొండ మారుమోగింది. గువ్వ బాణంలా తిరిగొచ్చింది. కాకులు, పిచ్చుకలు, మైనాలు నాలుగు వైపుల నుంచీ ఎగిరొచ్చి గద్ద నెత్తిమీద కమ్ముకున్నాయి. గద్ద రెండు ఈకలు రాల్చుకుని, తోవ దొరికిన వైపుకు పారిపోయాడు. నేర్చుకున్నాడా అంటే, లేదు. ఇప్పటికీ అలాగే తిరుగుతున్నాడు.

గువ్వ తన పిల్లల్ని చూసుకుంది. తర్వాత చిలక వైపు చూసింది. "అంత దూరాన ఉన్నావేం వదినా? ఇటు రా" అంది.

చిలక ఒక్కో అడుగూ వేసుకుంటూ గూటి దగ్గరకు వెళ్లింది. చీకటి పడ్డాక చిన్నపిల్ల మెడ సాచి, ఆ ఎర్రటి వంకర ముక్కు కిందనే తలపెట్టి నిద్రపోయింది. చిలక కదల్లేదు. కళ్లు మూసుకోనూ లేదు. తెల్లవార్లూ ఆ పిల్లను చూస్తూ కూర్చుంది.

అప్పటినుంచే చిలక ఒళ్లు ఆకుపచ్చగా ఉంది, ముక్కు మాత్రం వేటపక్షి ముక్కులా వంకరగా, ఎర్రగా మిగిలిపోయింది. అప్పటినుంచే అది ఎక్కడికి వెళ్లినా 'వస్తున్నాను, భయపడకండి' అని అరుచుకుంటూ వెళుతుంది. బాగా పండిన కాయనే ఎంచి, సగం తను తిని, మిగతా సగం చెట్టెక్కలేని వాళ్లకోసం కింద పడేస్తుంది. చిలక కొట్టిన జామపండు అంత తియ్యగా ఉండేది అందుకే.