ఎవరి ఎర్రతీగ?

ఆదోనిలో పాత పత్తిమిల్లు వెనక ఆరడుగుల యుద్ధవిమానం ఎగిరిందంటే నవ్వేవాళ్ళుంటారు. నవ్వుకోండి. అది లేచిన గాలికి మిల్లు ఆవరణలోని దూదంతా పైకి పోయి, ఊరి మీద అరగంటసేపు మంచులా కురిసిందంటే ఇంకా నవ్వుతారు. నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి పోవచ్చు, చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. కూర్చునేవాళ్ళు మాత్రం సాక్షి పేరు విన్నాకే లేవాలి.

ఆ ఆదివారం పొద్దున ఓబులేసు చాయ్ కూడా తాగకుండా బయలుదేరాడు. పద్నాలుగు నెలలు కష్టపడి చేసిన విమానం సిద్ధంగా ఉంది. దాన్ని మొదటిసారి ఎగరేసేది తనా, నాగవేణా అన్నదే తేలలేదు.

ఇద్దరూ దస్తగిరి ఉస్తాద్ శిష్యులే. ఉస్తాద్ వైమానిక దళంలో ముప్పై ఏళ్ళు విమానాలు బాగుచేసి, రిటైరై వచ్చి, మిల్లు వెనక ఖాళీ గోడౌనులో మోడల్ విమానాలు చేయడం నేర్పుతున్నాడు. నాలుగు వీధుల అవతల మోటారు తిరిగితే, ఇక్కడ కూర్చుని ఏ మర వదులైందో చెప్పగలడు. ఒకసారి మూడు మైళ్ళ ఎత్తున మోటారు ఆగిపోయిన మోడల్‌ను రిమోట్ మీద ఒక్క వేలితో దించుకొచ్చి, తన చాయ్ గ్లాసు పక్కన ఆపాడు. చాయ్ తొణకలేదు. మీద కట్టిన మీగడ కూడా చెదరలేదంటారు కొందరు. అది అతిశయోక్తి. మనం జరిగిందే చెప్పుకుందాం.

ఈసారి చేసింది మస్కిటో. రెండో ప్రపంచయుద్ధంలో తిరిగిన రెండింజన్ల విమానం. అసలుది కూడా కొయ్యతో చేసిందే. ఆ పేరుకు దోమ అని అర్థమని తెలిసిన రోజు నుంచీ మిల్లు గేటు దగ్గర సోడాబండి ఈరమ్మ వాళ్ళను వదల్లేదు.

"ఊళ్ళో ఉండేవి చాలవని మీరొకటి చేస్తాండారా అప్పా?" అనేది, కనబడినప్పుడల్లా.

ఓబులేసు ఫర్నిచర్ షాపులో వడ్రంగి. ఎడమ రెక్క, ఎడమ మోటారు అతనివి. రెక్క లోపలి పుల్లల్ని ఎంత సన్నగా చెక్కాడంటే, వాటిని కళ్ళకు అడ్డం పెట్టుకుని పేపరు చదువుకోవచ్చు. నాగవేణి బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేస్తుంది. కుడి రెక్క, కుడి మోటారు ఆమెవి. ఆమె వేసిన టంకం చుక్కలు చూసి, ముత్యాల వర్తకుడొకడు ధర అడిగి పోయాడు.

గోడౌను లోపలి గోడ మీద నీలం రంగుతో ముప్పై ఒక్క వరుసలున్నాయి. ఒక్కో వరుసలో ఒక విమానం పేరు, పక్కన దాన్ని మొదటిసారి ఎగరేసినవాళ్ళ పేరు. ఉస్తాద్ దగ్గర రిమోట్ పట్టినవాళ్ళు ఒంటరిగా నిలబడరు. వాళ్ళ కుడిభుజం వెనక ఇంకొకరు నిలబడి, గాలి ఎటుందో, బ్యాటరీ ఎంతసేపు వస్తుందో, ముక్కు ఎటు తిరిగిందో చెబుతూ ఉండాలి. ఓబులేసు, నాగవేణి ఎన్నోసార్లు అలా వెనక నిలబడి చెప్పారు. గోడ మీద మాత్రం వాళ్ళ పేర్లు లేవు.

అందుకే ఇద్దరికీ ఈ ముప్పై రెండో వరుస కావాలి. ఓబులేసు అది తనదేనని షాపులో అందరికీ చెప్పేశాడు కూడా.

"తెలవారకముందే వచ్చినావే అక్కా" అన్నాడు ఓబులేసు, గోడౌనులోకి అడుగుపెడుతూ.

"నువ్వు రాత్రే వచ్చి పండుకుంటావేమోనని" అంది నాగవేణి తలెత్తకుండా.

ఉస్తాద్ విమానం తోకకు తాడు కట్టి, ఆ తాడును స్తంభానికి బిగించాడు. బ్యాటరీ తగిలించి, రిమోట్ తీసుకున్నాడు. మోటార్లు తిరగకముందే తోక మీది రెక్క దానంతటదే టకటకమని వణికింది. ఎడమ మోటారు ఒకసారి దగ్గి ఆగింది. తర్వాత కుడిది.

ఉస్తాద్ బ్యాటరీ పీకేశాడు. లోపలికి తొంగి చూశాడు.

"రెండు ఎర్రతీగలూ ఉండాయే?"

ఇద్దరూ ఒకరి తీగ వైపు ఒకరు వేలు చూపించారు.

ఆ తీగ సంగతి చెప్పాలి. విమానంలో రిమోట్ మాట వినే చిన్న డబ్బీ ఒకటుంటుంది, దాన్ని రిసీవర్ అంటారు. ప్రతి మోటారు నుంచీ దానికి మూడు సన్నతీగలు పోతాయి. అందులో ఎర్రది ఆ డబ్బీకి కరెంటు పెడుతుంది. మోటారు ఒకటే అయితే చిక్కు లేదు. రెండు మోటార్లూ ఒకే డబ్బీకి తలో వైపు నుంచి కరెంటు పెట్టబోతే ఒకదాన్నొకటి తోసుకుంటాయి. కాబట్టి ఒక ఎర్రతీగను పీకి, కొసకు టేపు చుట్టి, పక్కన పెట్టాలి. ఈ పని చేసేవాళ్ళకు ఇది ఓనమాలతో సమానం. ఇద్దరికీ తెలుసు.

"నీది తీసెయ్యమని నిన్ననే చెప్పినా కదా అక్కా" అన్నాడు ఓబులేసు.

"నాదెందుకు తియ్యాల? నీదే తియ్యి."

"డబ్బీకి ప్రాణం పోసే మోటారు నాదే కావాల. రెక్కంతా నేను చెక్కినా."

"రెక్క చెక్కితే ప్రాణం వచ్చేస్తుందా? కరెంటు పని నాది. ప్రాణం నా వైపు నుంచే పోవాల."

"అయితే రిమోట్ కూడా నీదే అంటావు!"

"నువ్వు అననిచ్చినావా ఇంతవరకు?"

ఉస్తాద్ గడియారం చూసుకున్నాడు. "ఎనిమిది దాటితే ఈ మైదానంలో గాలి లేస్తుంది. అంతలోగా ఎగిరితే ఎగిరినట్టు. లేకుంటే దూలానికి వేలాడదీస్తా. పావురాలు గూడు పెట్టుకుంటాయి."

ఆ మాట అన్నాడంటే చేస్తాడు. దూలానికి అప్పటికే రెండు వేలాడుతున్నాయి. వాటిలో పావురాలు మనవళ్ళను కూడా చూసుకున్నాయి.

"ఇద్దరూ గోడవైపు తిరగండి" అన్నాడు ఉస్తాద్.

తిరిగారు. ఓబులేసు ముక్కుకు ఎదురుగా ముప్పై ఒకటో వరుస. వెనక ఏం జరుగుతోందో చూడాలని మెడ గుంజుతోంది. విమానం పొట్ట మీది మూత తెరిచిన చప్పుడు. చిన్నగా ఏదో ఊడిన చప్పుడు. టేపు చింపిన చప్పుడు. ఎడమ నుంచా, కుడి నుంచా? చెవులు ఏనుగు చెవులంత చేసుకుని విన్నా తెలియలేదు. మూత మూసుకుంది.

"ఇటు చూడండి. ఒకరిది పీకినా. ఎవరిదో చెప్పినవాళ్ళదే రిమోట్."

మోటార్లు తిరిగాయి. ఆ హోరుకు గోడౌను రేకులు ఊగాయి. రైల్వేస్టేషనులో పాసింజరు బండి వచ్చిందనుకుని కూలీలు పరుగెత్తారు.

ఓబులేసు ఎడమ మోటారు వెనక వంగి చెవి పెట్టాడు. కుడిదాని వెనకకు పోయాడు. మళ్ళీ ఎడమకు వచ్చాడు. ఒకే పాట. అరచెయ్యి చాచి గాలి చూశాడు. రెండు వైపులా ఒకటే తోపు. జేబులోంచి దారప్పోగు తీసి పట్టుకున్నాడు. రెండు చోట్లా అది అంతే ఎత్తుకు లేచి, అంతే వేగంగా కొట్టుకుంది. తీగ ఉన్న మోటారు గర్వంగా తిరగడం లేదు. తీగ పోయిన మోటారు బాధగా తిరగడం లేదు. తోకరెక్క ఇప్పుడు వణకడం లేదు.

నాగవేణి కూడా చూసింది. ఫోను స్పీకరులో ఇసుకరేణువు ఇరుక్కుంటే కనిపెట్టే చెవి ఆమెది. తల అడ్డంగా ఊపింది.

"మూత తీసి చూస్తే తెలుస్తుంది కదా ఉస్తాద్" అన్నాడు ఓబులేసు.

"తెలుస్తుంది" అన్నాడు ఉస్తాద్. మోటార్లు ఆపి, వాళ్ళకు వీపు అడ్డం పెట్టి బ్యాటరీ పీకి, మూత వేసి, రిమోట్‌ను బల్ల మీద పెట్టి, చాయ్ తాగడానికి బయటికి పోయాడు.

ఏడూ ముప్పై ఐదు అయింది.

ఓబులేసు మూత వైపు చూశాడు. రిమోట్ వైపు చూశాడు. మూత మీద వేలు పెట్టాడు కూడా. ఎడమ మోటారును చూశాడు, కుడి మోటారును చూశాడు. వేలు తీసేశాడు.

రిమోట్ తీసి నాగవేణి చేతిలో పెట్టాడు.

"పద అక్కా. గాలి లేస్తుంది."

"ఏమప్పా, పీకింది నీదేనని తెలిసిందా?"

"తెలీలేదు" అన్నాడు ఓబులేసు. తాడు విప్పి, విమానాన్ని ఎత్తుకుని మైదానంలోకి నడిచాడు.

ఆకాశం వైపు చూస్తూనే బ్యాటరీ తగిలించి, మూత వేసి, ఆమె కుడిభుజం వెనక నిలబడ్డాడు.

మస్కిటో పది గజాలు పరుగెత్తి లేచింది. దూది సంగతి ముందే చెప్పాను. ఎదురొచ్చిన గద్ద ఒకటి దారి ఇచ్చి పక్కకు తప్పుకుంది. రెండో చుట్టులో విమానం పొద్దులోకి పోయింది. వెలుగుకు అడ్డంగా అది నల్లటి గీతలా అయిపోయింది. నాగవేణి బొటనవేళ్ళు బిగుసుకున్నాయి.

"ఓబులేసూ, వస్తాందా, పోతాందా?"

అతను ఆమె కళ్ళకు ఎండ తగలకుండా అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"వస్తాంది. ముక్కు మన పక్కే ఉంది. ఎడమకు తిప్పు. నీ ఎడమ కాదక్కా, దాని ఎడమ."

"దాని ఎడమ..."

"ఆఁ, అంతే. ఇంకొంచెం. ఇప్పుడు వదులు. బ్యాటరీ ఇంకో నిమిషన్నర వస్తుంది. దించెయ్యి."

అది దిగిన తీరు చూస్తే, నేలే ముచ్చటపడి కాస్త పైకి లేచిందేమో అనిపించింది.

బ్యాటరీ తీయాలంటే మూత తెరవాలి. ఓబులేసు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, మూత తెరిచి, తడుముకుంటూ బ్యాటరీ పీకి, మూత వేసి, అప్పుడు కళ్ళు తెరిచాడు. ఎదురుగా ఉస్తాద్ నిలబడి గడ్డంలో నవ్వుకుంటున్నాడు.

గోడ దగ్గర నాగవేణి నీలం రంగు డబ్బా తెరిచింది. ముప్పై రెండో వరుసలో మస్కిటో అని రాసింది. కుంచె అక్కడే ఆగింది.

"పక్కన ఎవరి పేరు ఉస్తాద్?"

"ఈరమ్మను అడుగు. మొత్తం చూసింది."

ఈరమ్మ గేటు దగ్గర సోడా కొడుతోంది. ఓబులేసే కేకేశాడు. "అత్తా, విమానం ఎగిరింది చూసినావు కదా! ఎగరేసింది ఎవరో చెప్పు."

ఈరమ్మ సోడాబుడ్డి కింద పెట్టింది.

"నేను పైకి చూస్తాంటి గదప్పా. మిమ్మల్నెవరు చూస్తారు?"

నాగవేణి కుంచె కడిగేసింది. ఆ వరుసలో ఇప్పటికీ విమానం పేరు ఒక్కటే ఉంది.

అబద్ధమనుకునేవాళ్ళు ఆదోని పోయి, పాత పత్తిమిల్లు గేటు దగ్గర సోడాబండి ఈరమ్మను అడగండి. దూది సంగతి చెబుతుంది, గద్ద సంగతి చెబుతుంది. ఎవరు ఎగరేశారో తప్ప అన్నీ చెబుతుంది.