గోరింకకు అందని పాట

ఇప్పచెట్ల గుట్ట మీద జంతువులకి ఒక పాటల కట్ట ఉండేది. మోదుగాకుల మీద రాసి కుట్టిన కట్ట. అందులోకి ఎక్కిన పాటే పిల్లలకి నేర్పుతారు, ఎక్కనిది మరుగున పడిపోతుంది. రాసేదెవరయ్యా అంటే, నక్క కోదండం పెంచిన గోరింక. పాట వింటూనే గబగబా ముక్కుతో గీకేస్తుంది. దాన్ని చూసుకుని కోదండానికి ఎంత గర్వమో! అబ్బో, కాలు నేల మీద ఆనేది కాదు.

ఆ రోజు పిచ్చుక గురవమ్మ వంతు. ఎండాకాలంలో ఎక్కడెక్కడ ఊట దొరుకుతుందో చెప్పే పాట అది. వాళ్లమ్మ నేర్పింది, ఇప్పుడు గురవమ్మ ఒక్కతికే వచ్చు. ప్రాణం పెట్టి పాడింది. తీరా చూస్తే ఆకు మీద నాలుగు మాటలు, మిగతాదంతా ఖాళీ.

"ఇదేంటి కోదండం బావా? ఊటల జాడే లేదు!"

"నీ గొంతు మరీ సన్నం గురవమ్మా, మాట తెలీడం లేదు. మీ ఆయన చేత పాడించు."

"ఆయనకి రాదు. అయినా నా పాట నేను పాడితే ఏం?"

"అయితే కాస్త గొంతు లావు చేసుకుని పాడు. నా గోరింక నూటికి తొంభై మాటలు తప్పు లేకుండా రాస్తుంది, తెలుసా?"

గురవమ్మకి ఒళ్లు మండిపోయింది. వేసవి నెల్లాళ్లలో ఉంది. తనకేమైనా అయితే గుట్ట మీది పిల్లలు నీళ్లకి ఎక్కడ వెతుక్కుంటారు? ఇంటికి కూడా పోకుండా నేరుగా ఏనుగు పెద్దయ్య దగ్గరికి ఎగిరింది.

మర్నాడు పంచాయితీ. గుట్టంతా వచ్చింది.

"ఒక్కటి చెప్పు బావా," అంది గురవమ్మ. "నా పాట ఇక్కడివాళ్లకి అర్థమై, గోరింకకి కాకపోతే తప్పెవరిది?"

"గోరింకదే," అన్నాడు కోదండం మీసం దువ్వుతూ. "వినడానికి ఎవర్ని పిలుస్తావో పిలుచుకో."

"మల్లమ్మత్తా, ఇలా రా!"

అందరూ గొల్లున నవ్వారు. మల్లమ్మ ముసలి గేదె, పైగా సగం చెవుడు. గురవమ్మ పట్టించుకోలేదు. రెక్కలు బిగించి, నిన్నటి గొంతుతోనే పాడింది.

"నల్లరాతి కింద ఒకటి, పుట్ట పక్కన ఒకటి, ఈతపొద వెనక మూడోది," అని అప్పజెప్పింది మల్లమ్మ. "ఇంత చక్కగా చెప్తుంటే తెలీకపోవడమేంటే!"

గోరింక ఆకు మీద మాత్రం మళ్లీ నాలుగు మాటలే. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఎవరి పాటలు విని నేర్చుకున్నావురా?" అడిగాడు పెద్దయ్య.

గోరింక బిక్కమొహం వేసింది. "పుంజులవి, మగ నెమళ్లవి అండీ. తెల్లారగట్ల దిబ్బ దగ్గర కూర్చోబెట్టేవారు. ఆ వేళకి ఆడవాళ్లు గుడ్ల మీద ఉంటారు కదండీ, ఒక్కరి పాటా వినలేదు. ఆ తొంభై లెక్క కూడా పుంజుల పాటలతో చూసిందే."

"నన్నేం చెయ్యమంటారు?" అని అరిచాడు కోదండం. "గుడ్ల దగ్గరికి నక్కని ఎవరు రానిస్తారు?"

"నిన్నెవరు రమ్మన్నారు? గోరింకని పంపితే సరిపోయేది కదా!" అంది గురవమ్మ.

పెద్దయ్య తీర్పు చెప్పాడు. గోరింక రోజూ గూటిగూటికీ పోయి ఆడగొంతులు వినాలి. అది నేర్చేదాకా ఆడవాళ్ల పాటలన్నీ, గుడ్ల జోలికి రాకుండా వాగు అవతల కూర్చుని కోదండమే రాయాలి.

మొదటి పాట గురవమ్మదే. ఒక్క మాట జారినా ఊరుకోలేదు. "మళ్లీ రాయి బావా" అని ఏడుసార్లు రాయించింది. ఎనిమిదో ఆకు కట్టలోకి ఎక్కింది, నిండుగా, ఒక్క ఖాళీ లేకుండా.

నీతి: వినడం నేర్చుకోకుండా పాడేవాళ్ల గొంతుకి వంక పెట్టకండి.